ప్రవచనమా, పంచాంగమా?

2025 సెప్టెంబరు 23, 24 తేదీలలో నిజమైన విశ్వాసులందరూ సశరీరంగా ఆకాశానికి ఎత్తబడతారని దక్షిణాఫ్రికా బోధకుడొకాయన చెప్పిన మాట చేతిఫోనుల ద్వారా ప్రపంచమంతా తిరిగింది. ఆయనకు ఆ సంగతి దర్శనంలో తెలిసిందట. యూదుల నూతన సంవత్సరం, అనగా బూరలూదే పండుగ, సరిగ్గా ఆ రోజులలోనే పడటంతో తక్కినవారు తమ తమ గుణకార భాగహారాలు దానికి జోడించారు. ఉద్యోగాలు మానుకున్నవారూ, కార్లు అమ్ముకున్నవారూ ఉన్నారని పత్రికలు వ్రాశాయి. 25వ తేదీన యథాప్రకారం తెల్లవారింది. మా వీధిలోకి పాలవాడు వచ్చాడు.

మిత్రులారా, ఇటువంటివి చూసి నవ్వి ఊరుకోవడం మర్యాద అని కొందరంటారు. ఒకరి మతవిషయం మనకెందుకని మరికొందరు. నేను క్రైస్తవుణ్ణి కాను. దైవశాస్త్రం చదివినవాణ్ణీ కాను. భాషాప్రవీణ చదివి, ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు పద్యాలు, ప్రతిపదార్థాలు చెప్పినవాణ్ణి. నాకు తగవున్నది విశ్వాసంతో కాదు, చదివే తీరుతో. క్రీస్తు మళ్ళీ వస్తాడని నమ్మడం ఒకటి. ఫలానా తేదీకి వస్తాడని గ్రంథంలో ఉన్నదని చెప్పడం మరొకటి. మొదటిది విశ్వాసం, దానిమీద నాకు ఏ అధికారమూ లేదు. రెండవది అర్థనిర్ణయం. అర్థనిర్ణయమన్న తరువాత నియమాలుంటాయి. ఆ నియమాలు తప్పినవాణ్ణి తప్పావని చెప్పడానికి బడిపంతులుకు కూడా హక్కున్నది.

నేననేది ఒక్కటే. అంత్యకాలపు తేదీలు కట్టేవారు ఆ గ్రంథాన్ని చదవడం లేదు. అది ఎవరికోసం వ్రాయబడిందో వారిని అందులోనుంచి వెళ్ళగొట్టి, ఖాళీ అయిన చోట తాము వెళ్ళి కూర్చుంటున్నారు.

ఒక గ్రంథపు తాత్పర్యం తేల్చడానికి మన మీమాంసకులు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. (అవి వేదానికి గదా, బైబిలుకు ఎలా వర్తిస్తాయంటారేమో. తూకపురాయి ఏ అంగడిలో కొన్నదైనా వీశె వీశెయే.) వీటిలో మొదటిది ఒక్కటి చాలు. మొదలు ఎలా పెట్టాడు, ముగింపు ఎలా చేశాడు అన్నది చూడాలి. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం మొదటి వచనంలోనే ఇవి త్వరలో సంభవించవలసిన సంగతులని ఉన్నది. మూడవ వచనంలో సమయం సమీపించిందని ఉన్నది. చివరి అధ్యాయంలో ఈ రెండు మాటలూ మళ్ళీ వస్తాయి. ఉపక్రమమూ ఉపసంహారమూ ఇంత స్పష్టంగా కలిసిన గ్రంథాలు అరుదు. అంతేకాదు, పాత నిబంధనలో దానియేలుకు తన గ్రంథాన్ని అంత్యకాలం వరకు ముద్రవేసి ఉంచమని ఆజ్ఞ అయింది. యోహానుకు సరిగ్గా దానికి విరుద్ధంగా, సమయం సమీపంగా ఉన్నది కాబట్టి ముద్ర వేయవద్దని ఆజ్ఞ. రెండువేల ఏళ్ళ తరువాతివారికోసం ఉద్దేశించినదైతే ముద్ర వేయమనే చెప్పాలి గదా!

త్వరలో అన్నది మరి జరగలేదేమని అడిగేవారుంటారు. దానికి సమాధానం చెప్పవలసిన భారం విశ్వాసులది. వారిలోని పండితులు శతాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. ఆ చిక్కు తప్పించుకోవడానికి ‘త్వరలో’ అనే మాటకు ‘2025లో’ అని అర్థం చెప్పడం మాత్రం నిఘంటువుకు నిప్పు పెట్టడమే.

ఆ గ్రంథం ఏడు సంఘాలకు వ్రాసిన లేఖ. ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఇవి ఇప్పటి టర్కీ పడమటి భాగంలో నిజంగా ఉన్న ఊళ్ళు. తేదీలవారు వీటిని ఏడు యుగాలుగా మార్చివేసి, మనది చివరిదైన లవొదికయ యుగమంటారు. లవొదికయకు వ్రాసిన భాగం చదవండి. ఆ సంఘం ధనవంతుణ్ణని, తనకేమీ కొదవలేదని అనుకుంటున్నదని ఉంటుంది. ఆ పట్టణం క్రీస్తుశకం 60లో భూకంపంలో కూలితే రోము సహాయం లేకుండా తన సొమ్ముతోనే తిరిగి కట్టుకున్నదని రోమను చరిత్రకారుడు టాసిటస్ వ్రాశాడు. వేడిగానూ చల్లగానూ లేక నులివెచ్చగా ఉన్నావన్న నిందకూడా ఊరికే వచ్చినది కాదు: దగ్గరలోని హియెరాపొలి వేడినీటి బుగ్గలకు ప్రసిద్ధి. ఆ మాట విన్న లవొదికయవాడికి చురుక్కుమని ఉంటుంది. వాణ్ణి తీసివేసి, ఇరవైయొకటవ శతాబ్దిలో ఎయిర్ కండిషన్ మందిరంలో కూర్చున్నవాణ్ణి అక్కడ పెడితే ఉత్తరం పత్రికాప్రకటన అయిపోతుంది.

ఇక దానియేలు. ఈ లెక్కలన్నిటికీ గని ఆ పుస్తకమే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు రైతు విలియం మిల్లర్ (1782–1849) సజ్జనుడు, నిరాడంబరుడు, మోసగాడు కాడు. ఆ మాట ముందే చెప్పాలి. దానియేలు 8వ అధ్యాయం 14వ వచనంలో రెండువేల మూడువందల సాయంప్రాతఃకాలాల తరువాత పరిశుద్ధస్థలం పవిత్రమవుతుందని ఉన్నది. దినమంటే సంవత్సరమన్నాడు మిల్లర్. పరిశుద్ధస్థలమంటే భూమి అన్నాడు. పవిత్రం కావడమంటే క్రీస్తు రాక అన్నాడు. మూడు మాటలకు మూడు లక్షణలు! క్రీస్తుపూర్వం 457లో లెక్క మొదలుపెట్టి 1843 మార్చి 21కీ 1844 మార్చి 21కీ మధ్య అంతమన్నాడు. ఆ గడువు దాటిపోయాక అనుచరులొకరు 1844 అక్టోబరు 22 అని సవరించారు. కొందరు రైతులు పంటను పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి వేలమంది మేలుకొని ఎదురుచూశారు. చరిత్రలో దానికి ‘మహా ఆశాభంగం’ అనే పేరు నిలిచిపోయింది.

అలంకారశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ మొదట చెప్పే ఉదాహరణ గంగలో పల్లె. నీటి ప్రవాహంలో పల్లె ఉండటం అసంభవం కాబట్టి గంగ అనే మాటకు గంగాతీరమని అర్థం చెబుతాం. ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడే లక్షణ. బాధ లేనిచోట లక్షణకు పోతే దానిని వ్యాఖ్యానమనరు, పెత్తనమంటారు. దానియేలు 8లో దినమనే అర్థానికి వచ్చిన బాధ ఏమిటి? ఏమీ లేదు. పైపెచ్చు ఆ దర్శనానికి అర్థం ఆ అధ్యాయంలోనే గబ్రియేలు దూత విప్పి చెబుతాడు: రెండు కొమ్ముల పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులు, మేకపోతు గ్రీకుల రాజు. మూలమే వ్యాఖ్యానం కూడా ఇచ్చింది. గ్రీకుల సంతతిలోని నాల్గవ ఆంటియోకసు క్రీస్తుపూర్వం 167లో యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసి నిత్యబలులు ఆపించాడు. 164లో మక్కబీయుడైన యూదా దానిని శుద్ధిచేసి తిరిగి ప్రతిష్ఠించాడు. యూదులు ఇప్పటికీ హనుక్కా పేరుతో ఆ పండుగ చేసుకుంటున్నారు. సాయంకాలం ఒకటి, ఉదయం ఒకటి చొప్పున రెండువేల మూడువందల బలులు ఆగిపోయాయంటే 1150 దినాలు, అంటే మూడేళ్ళ పైచిలుకు. చాలామంది పండితులు చెప్పే పాఠమిది. ఇందులో లక్షణ అక్కరలేదు, అమెరికా అసలే అక్కరలేదు.

దినానికి సంవత్సరమనే నియమం బైబిలులోనే ఉన్నదని వారు సంఖ్యాకాండం 14నూ యెహెజ్కేలు 4నూ చూపిస్తారు. ఉన్నది, నిజమే. ఆ రెండుచోట్లా దినానికి సంవత్సరం చొప్పున అని వాక్యంలోనే విడమరచి ఉన్నది. చెప్పిన చోట చెప్పినందువల్ల చెప్పని చోట కూడా అదేనని ఏ శాస్త్రం అంటుంది? అంతెందుకు, దానియేలు 9వ అధ్యాయంలో ఆయన యిర్మీయా చెప్పిన డెబ్బై ఏళ్ళను గూర్చి ఆలోచిస్తాడు. అక్కడ సంవత్సరమంటే సంవత్సరమే. మిల్లర్ కొలత అక్కడ కూడా పెడితే యూదుల చెర ఇరవై అయిదు వేల ఏళ్ళు దాటాలి.

ఈ విద్యలో తెలివితక్కువవారే ఉన్నారనుకోకండి. లాగరిథములు కనిపెట్టిన జాన్ నేపియర్ 1593లో ప్రకటన గ్రంథానికి వ్యాఖ్య వ్రాసి, అంతం 1688కీ 1700కీ నడుమ అని తేల్చాడు. గ్రీకు నూతన నిబంధన పాఠపరిష్కరణలో మహనీయుడైన బెంగెల్ 1836 అన్నాడు. న్యూటన్ అప్రకటిత పత్రాలలో 2060కి ముందు కాదని ఉన్నది. అయితే తేదీ చెప్పడం తన ఉద్దేశం కాదని, తేదీలు చెప్పి ప్రవచనాలను నగుబాటు పాలుచేసేవారి నోరు కట్టడానికే ఆ మాట అన్నానని కూడా ఆయనే వ్రాసుకున్నాడు. గణితం తప్పినవాడు వీరిలో ఎవడూ లేడు. కూడికలన్నీ సరిగానే ఉన్నాయి.

కూడికలు సరిగా ఉండి కొంప మునిగిన కథకు ఇటీవలి ఉదాహరణ హెరాల్డ్ కాంపింగ్. సివిల్ ఇంజనీరింగు చదివినవాడు, కాలిఫోర్నియాలో ఫ్యామిలీ రేడియో నడిపినవాడు. మొదట 1994 అన్నాడు. తరువాత 2011 మే 21 అన్నాడు. ఆయన లెక్క రెండు కాళ్ళమీద నిలబడింది. జలప్రళయం క్రీస్తుపూర్వం 4990లో వచ్చిందట. ఇంక ఏడు దినాలలో వర్షం కురిపిస్తానని దేవుడు నోవహుతో అన్నాడు కాబట్టి, దేవునికి ఒక దినం వెయ్యేళ్ళవంటిది కాబట్టి, ఏడువేల ఏళ్ళకు 2011. రెండవ కాలు ఇంకా ముచ్చటైనది: అయిదు ప్రాయశ్చిత్తానికి గుర్తు, పది సంపూర్ణతకు, పదిహేడు పరలోకానికి. మూడింటినీ గుణించి ఆ లబ్ధాన్ని వర్గం చేస్తే 7,22,500. క్రీస్తు సిలువ తేదీగా ఆయన నిర్ణయించుకున్న క్రీస్తుశకం 33 ఏప్రిల్ 1 నుంచి అన్ని రోజులు లెక్కిస్తే 2011 మే 21. లెక్క చూసుకోండి, సరిపోతుంది. మిల్లర్‌కు దినం ఏడాది, కాంపింగ్‌కు వెయ్యేళ్ళు. ఒకే బట్టను ఇద్దరు వర్తకులు రెండు గజపుకోలలతో కొలుస్తుంటే కొనేవాడికి అనుమానం రావద్దా?

దేవునికి దినం వెయ్యేళ్ళవంటిదన్న పేతురు మాట నిజానికి ఎందుకు వచ్చింది? ఆయన రాక ఆలస్యమవుతున్నదని తొందరపడేవారిని ఊరడించడానికి. నీ కాలమానంతో ఆయనను కొలవవద్దు అన్న వాక్యాన్నే కొలబద్ద చేసుకున్నారు! న్యూయార్క్ రవాణా సంస్థలో పనిచేసి విరమించిన అరవైయేళ్ళ మనిషి తాను కూడబెట్టుకున్న 1,40,000 డాలర్లు ఆ తేదీ ప్రకటనలకు ధారపోశాడని అప్పటి పత్రికలలో చదివాను. మే 21 గడిచాక కాంపింగ్, తీర్పు ఆధ్యాత్మికంగా జరిగిపోయిందని, భౌతికంగా అక్టోబరు 21న జరుగుతుందని అన్నాడు. అదీ గడిచాక 2012 మార్చిలో తేదీ పెట్టడం పాపమని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుకు నేను నమస్కరిస్తాను. కానీ ఆ అరవైయేళ్ళవాడి డబ్బు తిరిగి రాలేదు.

1992 అక్టోబరు 28న అంతమని దక్షిణ కొరియాలో చాటిన బోధకుడైతే ఆ తేదీ దాటాక గడువు తీరే బాండ్లు కొనిపెట్టుకున్నాడు. ఆయనకు శిక్ష పడింది. ఆయన వ్యాఖ్యానంకన్న ఆ బాండ్లమీదే నాకు విశ్వాసం ఎక్కువ.

ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప కుమారునికి కూడా తెలియదని మార్కు సువార్త 13లో స్పష్టంగా ఉన్నది గదా అని వీరిని అడిగితే ఏమంటారో తెలుసా? దినమూ గడియా తెలియవన్నాడు గానీ సంవత్సరం, నెల, వారం తెలియవని అనలేదు గదా అంటారు. 1988లో ఎత్తబడటానికి ఎనభై ఎనిమిది కారణాలు చూపుతూ పుస్తకం వ్రాసిన విజెనంట్ అనే మాజీ రాకెట్ ఇంజనీరు వాదం ఇదే. (ఆ ఏడు గడిచాక ఆయన 1989 అన్నాడు.) అప్పులవాడు “ఏ రోజు ఏ వేళకు తెస్తానో చెప్పలేనండీ” అంటే, “అయితే ఏ వారమో చెప్పావన్నమాట” అని ఖాతాలో వ్రాసుకునే షావుకారు ఎక్కడైనా ఉంటాడా? అదే ఉపదేశంలో దొంగ వచ్చినట్లు వస్తాడనే పోలిక ఉన్నది. దొంగ శుభలేఖ వేయించి రాడు.

666 సంగతి మా వృత్తికి దగ్గరిది కాబట్టి కొంచెం నిలబడి మాట్లాడతాను. అక్షరాలకు అంకెలు కట్టడం మనకు కొత్త కాదు. కటపయాది సంఖ్యలో ‘జ’ ఎనిమిది, ‘య’ ఒకటి. అంకెలు కుడినుంచి ఎడమకు చదవాలి కాబట్టి జయ అంటే 18. భారతానికి జయమని పేరు, పర్వాలు 18. పేరు ముందే తెలుసు, సంఖ్య దానినుంచి వచ్చింది. తిరగేసి, 18 అంటే ఏమిటని అడగండి. దయ 18. హయ 18. జప 18. జట కూడా 18. జయమో, దయో, గుర్రమో సంఖ్య చెప్పదు. సంఖ్యనుంచి పేరుకు దారి లేదు. పేరు ఎరిగినవాడికి మాత్రమే ఆ సంఖ్య సైగ. బుద్ధి గలవాడు లెక్కించుకొనవచ్చునని యోహాను ఆనాటి శ్రోతలకే చెబుతున్నాడు. వారెరిగిన పేరై ఉండాలి. నేరోను కైసరు అనే మాటను హీబ్రూ అక్షరాలలో వ్రాస్తే 666 వస్తుంది. చివరి నకారం లేని లాటిన్ రూపం వ్రాస్తే 616. కొన్ని ప్రాచీన ప్రతులలో సరిగ్గా 616 అనే పాఠాంతరమే ఉన్నది. రెండవ శతాబ్దివాడైన ఐరీనియసుకే అది తెలుసు. పాఠాంతరాన్ని కూడా సమర్థించే వ్యాఖ్యానం దొరికితే పండితుడికి పండుగ గదా! అది వదిలేసి పోపు అన్నారు, లూథర్ అన్నారు, నెపోలియన్ అన్నారు. మూడు పేర్లలోనూ ఇంగ్లీషులో ఆరేసి అక్షరాలున్నాయని రోనాల్డ్ విల్సన్ రీగన్ అన్నారు. సరుకులమీది చారలన్నారు. మిజోరంలో కొందరు ఆధార్ సంఖ్య అన్నారు. 2020 తరువాత టీకా సూది అన్నారు.

ఇంతమాత్రాన ఈ గ్రంథం చచ్చిన చరిత్ర అని నేననడం లేదు. ఏడు కొండలమీద కూర్చున్న బబులోను రోమే అయినా, తరువాతి ప్రతి శతాబ్దిలోనూ పీడితుడు దానిలో తన పీడకుణ్ణి చూసుకున్నాడు. అది ధ్వని. వాచ్యార్థం నిలబడి ఉండగా దాని వెనుక మరొకటి స్ఫురించడం కావ్యానికీ ప్రవచనానికీ కూడా ప్రాణం. కానీ వ్యంగ్యం వాచ్యాన్ని ఆశ్రయించి బ్రతుకుతుంది, దానిని చంపి బ్రతకదు. పైగా ధ్వనికి తేదీ ఉండదు.

‘మీది వ్యాకరణపాండిత్యం, ప్రవచనం ఆత్మ వెలుగులో తప్ప అర్థం కాదు’ అన్న మిత్రుడొకాయన ఉన్నారు. చాలా గౌరవించదగిన మాట. అయితే ఆత్మ వెలుగులో తెలిసేదానికి క్యాలెండరూ కాలిక్యులేటరూ ఎందుకండీ? లెక్క వేసినన్నాళ్ళూ గణితమని, లెక్క తప్పిన రోజున ఆత్మ అని అంటే ఎవరితో వాదించాలి? ఆ గ్రంథంలోనే ద్వితీయోపదేశకాండం 18లో పరీక్ష ఉన్నది: ప్రవక్త పేరుతో చెప్పినది జరగకపోతే అది దేవుని మాట కాదు, అతనికి భయపడనక్కరలేదు. నేను పెట్టిన పరీక్ష కాదు.

మనవాళ్ళు తక్కువ తిన్నారని ఎవరూ సంబరపడనక్కరలేదు. పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానానికి పట్టిన గతి ఇదే. ఇందిరాగాంధీ పాలించాక ఆమె అందులో కనిపించింది. 1983లో రామారావు ముఖ్యమంత్రి అయ్యాక ఆయనా కనిపించాడు. 2020లో కరోనా వచ్చాక, ధ్వనిసామ్యం ఉన్న ఒక మాట పట్టుకొని అదీ కనిపించిందన్నారు. 1982లో ఆ పద్యం చదివి రామారావు పేరు చెప్పినవారు ఒక్కరుంటే చూపమని నేను చాలామందిని అడిగాను. కులాల గోడలను నిలదీసిన ఒక మహానుభావుడి మాటలు చిలకజోస్యపు చీటీలయ్యాయి.

ఇదంతా పండితులకు కాలక్షేపమైతే నేనింత వ్రాయను. 1999లో నేను పనిచేసిన ఊరిలో పందిరి వేసి సభలు పెట్టిన బోధకుడొకడు 2000 సంవత్సరం రాదని గోడపటం మీద గీతలు గీసి చూపించాడు. మా పదవ తరగతిలో చదువుతున్న పిల్ల తండ్రి, రాని మార్చిలో జరిగే పరీక్షకు రుసుము ఎందుకన్నాడు. ప్రధానోపాధ్యాయుడు వెళ్ళి చెప్పాడు, నేనూ వెళ్ళి చెప్పాను. ఆయన మంచివాడు, మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, మా ఆత్మలకోసం ప్రార్థన చేశాడు. గడువు దాటిపోయింది. జనవరి ఒకటిన ఆయన వీధిలోకి రాలేదు. ఆ పిల్ల ఆ ఏడు పరీక్ష వ్రాయలేదు, మరుసటి ఏడు పెళ్ళయింది. ఫిబ్రవరిలో ఆ బోధకుడు మరో ఊరిలో పందిరి వేశాడని విన్నాను.

ఇంకొకటి కూడా నాకు సహించదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి మన తీరంలోనూ జాలరులు కొట్టుకుపోయినప్పుడు, వేదికమీద ఒకాయన చనిపోయినవారి సంఖ్య చదివి ‘సూచనలు నెరవేరుతున్నాయి’ అన్నాడు. గొంతులో ఉత్సాహం ఉన్నది. యుద్ధాలు, కరవులు, భూకంపాలు అని మత్తయి 24లో ఉన్నమాట నిజమే. కానీ ఆ వాక్యాలలోనే కలవరపడవద్దని, అంతం అప్పుడే రాదని, అవి ప్రసవవేదనకు ఆరంభం మాత్రమేనని కూడా ఉన్నది. అంతం ఇది కాదని చెప్పడానికి ఇచ్చిన జాబితాను అంతానికి జాబితాగా చదివేవారికి పక్కవాడి శవం ఒక అంకె.

చివరగా స్ముర్న మాట. ఆ ఊరి సంఘానికి, మీలో కొందరిని చెరలో వేస్తారు, పది దినాలు శ్రమ ఉంటుంది, భయపడవద్దు అని లేఖలో ఉన్నది. దినం సంవత్సరమనేవారు దీనిని కూడా వదల్లేదు. క్రీస్తుశకం 303 నుంచి 313 వరకు డయొక్లీషియను మొదలుపెట్టిన హింస అన్నారు. అంటే రేపు తలుపు తట్టే భటుడికోసం వణుకుతున్నవాడికి యోహాను రెండువందల ఏళ్ళ తరువాతి ముచ్చట వ్రాసి పంపాడన్నమాట. పది దినాలంటే ఓర్చుకోగల కొద్దికాలమని వారికి అర్థమై ఉంటుంది. ఆ ఉత్తరాన్ని గుంపులో చదివి వినిపించుకుని ఉంటారు. రెండవ శతాబ్ది నడుమ ఆ స్ముర్న సంఘపు పెద్ద పోలికార్పును పట్టుకొని, కైసరుకు ధూపం వేస్తే వదిలేస్తామన్నారు. ఎనభై ఆరేళ్ళుగా తాను సేవించిన రాజును దూషించలేనని ఆయన అన్నట్టు ఆ సంఘంవారే వ్రాసిపెట్టారు. పట్టుకోవడానికి వచ్చిన భటులకు ఆయన ముందు అన్నం పెట్టించాడట.